తెలుగు రాని అధికారి తెలుగు పాఠానికి రిమార్కు రాస్తే మనం ఏం చేయాలి?

మహేంద్రతనయ (పర్లాకిమిడి దగ్గర, గజపతి జిల్లా)

అందరికీ నమస్కారం. మూడు రోజులుగా మనసు బాగోలేదు, ఇంట్లో చెప్పుకుంటే అర్థం కాదు, మీకైతే అర్థమవుతుందని రాస్తున్నాను. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఏమీ అనుకోకండి.

నేను ప్రైమరీలో తెలుగు చెబుతాను, పదకొండేళ్లయింది. మొన్న సోమవారం మా బడికి విజిట్ వచ్చింది. వచ్చినాయన మంచివారే, ఎవరి మీదా అరవలేదు, పిల్లల్ని దగ్గరికి పిలిచి పేర్లు అడిగారు. కానీ ఆయనకి తెలుగు రాదు. చదవడమూ రాదు, వినడమూ రాదు. రెండో తరగతిలో వెనక కూర్చుని ముప్పావు గంట చూశారు. ఆ రోజు నేను ఎ, ఏ తేడా, ఒ, ఓ తేడా చెబుతున్నాను. మెడ, మేడ. కొన, కోన. మా పిల్లలకి ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. ఒడియాలో ఎకారం ఒక్కటే, ఒకారం ఒక్కటే, మనలా పొట్టి పొడుగు లేవు. అందుకే రెండు భాషల మధ్య పెరిగే పిల్లలకి ఇక్కడే చెవి తడబడుతుంది. "అమ్మ మేడలో గొలుసు" అని రాస్తారు. అది నిర్లక్ష్యం కాదు, వాళ్లకి అలాగే వినబడుతుంది. అందుకని ఒక్కొక్కరినీ లేపి, చెయ్యి చాపి పొడుగు చూపిస్తూ పలికించాను, పలికినది రాయించాను, తప్పు రాసినవాళ్ల చేత మళ్లీ పలికించాను. బెల్లు కొట్టేసరికి ముగ్గురు తప్ప అందరూ సరిగ్గా రాశారు. ఆ వారంలో నాకు బాగా నచ్చిన క్లాసు అదే.

ఆయన వెళ్లాక విజిట్ రిజిస్టర్ తెరిచి చూస్తే ఒడియాలో మూడు వాక్యాలు. ఒకే మాటను పదేపదే చెప్పించారట. పాఠం ముందుకు సాగలేదట. బోధనలో వైవిధ్యం లేదట.

ఆయనకి మెడ, మేడ రెండూ ఒకటే మాటగా వినిపించాయి! పిల్లలకి ఏ తేడా వినబడడం లేదని నేను తంటాలు పడ్డానో, అదే తేడా ఆయనకీ వినబడలేదు. ఆయన చెవిని తప్పు పట్టను, పుట్టినప్పటి నుంచీ విన్న భాష అది. కానీ ఆ మూడు వాక్యాలు నా ఫైల్లో ఉంటాయి. మా హెచ్‌ఎం గారు "పోనీలెండమ్మా, ఎవరు చూస్తారు" అంటున్నారు. నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు. మీలో ఎవరికైనా ఇలా జరిగిందా? ఏం చేశారు?

నాగావళి ఒడ్డు (రాయగడ)

అక్కా, చదువుతుంటే కడుపు రగిలింది. నాకు మాత్రం దీనికి తిరగేసి జరిగింది. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు, మీ పోస్టు చూశాక చెప్పాలనిపించింది.

నాలుగేళ్ల కిందట తొమ్మిదో తరగతికి ఛందస్సు చెబుతున్నాను. ముందురోజు ఇంట్లో పెళ్లిపనులు, ప్రిపేర్ కాలేదు. ఉత్పలమాలకి న జ భ జ జ జ ర అని బోర్డు మీద రాసేశాను, చంపకమాలకి భ ర న భ భ ర వ అని రాశాను. రెండూ తారుమారు. క్లాసంతా గొంతెత్తి ఒకే లయలో చెప్పారు, రెండు చేతులతో తాళం వేశారు, కిటికీల దగ్గర పక్క క్లాసు పిల్లలు కూడా నిలబడి విన్నారు. ఆ రోజే విజిట్. వచ్చిన మేడమ్ గారికి తెలుగు రాదు. చాలా ఉత్సాహంగా ఉన్న తరగతి, పిల్లలందరూ పాల్గొన్నారు అని రాసి, ప్రార్థనలో నా పేరు చెప్పి మెచ్చుకున్నారు.

మర్నాడు ఒక అమ్మాయి స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గరికి వచ్చి నెమ్మదిగా అడిగింది, "సార్, పుస్తకంలో ఉన్న ఉత్పలమాల పద్యానికి మొదటి అక్షరమే గురువు. మీరు చెప్పిన నగణంలో మూడూ లఘువులే కదా?" అని. ఆ పిల్ల పట్టుకోకపోతే నలభై మంది పరీక్షలో అదే రాసేవారు. నేను క్లాసులో తప్పు ఒప్పుకుని దిద్దాను. రిజిస్టర్‌లో పొగడ్త మాత్రం అలాగే ఉంది. మీ మంచి పాఠానికి చెడ్డ రిమార్కు, నా తప్పు పాఠానికి మంచి రిమార్కు. రెండూ ఒకే కారణంగా వచ్చాయి.

ప్రాణహిత (సిరొంచ, గడ్చిరోలి జిల్లా)

మా వైపు కథ కొంచెం వేరు. మాది మరాఠీ మీడియం. ఒకటో తరగతికి వచ్చే పిల్లల్లో చాలామందికి ఇంట్లో తెలుగు, కొందరికి గోండి. మరాఠీ వాళ్లకి బడిలోనే మొదటిసారి చెవిన పడుతుంది. నేను లెక్కలు చెప్పేటప్పుడు మొదటి నెలల్లో తెలుగులో చెప్పి తర్వాత మరాఠీ మాట అందిస్తాను. "పది చేతిలో పట్టుకో, మిగిలినవి ఎన్ని" అని తెలుగులో అంటే చటుక్కున చెబుతారు. ఒకసారి వచ్చిన అధికారికి నేను పిల్లలతో కబుర్లు చెబుతున్నట్టు అనిపించింది. మాధ్యమం కాని భాష వాడుతున్నారు, పాఠం నుంచి పక్కకి పోతున్నారు అని రాశారు. నేను ఏం మాట్లాడానో అడగలేదు. అడిగి ఉంటే, స్థానవిలువ చెబుతున్నాను సార్ అని చెప్పేవాణ్ణి.

విద్యాహక్కు చట్టం, 2009, 29వ సెక్షన్‌లోనే ఉంది, బోధన వీలైనంత వరకు పిల్లవాడి మాతృభాషలో ఉండాలని. ఆ కాగితం ప్రింటు తీసి ఇప్పుడు నా టేబుల్ సొరుగులో పెట్టుకున్నాను.

క్లస్టర్ బండి

నేను ఆ రెండో వైపు మనిషిని, మా క్లస్టర్‌లో (చుట్టుపక్కల కొన్ని బళ్లు కలిపిన గుంపు) బళ్లు తిరిగి చూసి రిమార్కులు రాసేవాణ్ణి. రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. టీచరమ్మ గారి రిమార్కు రాసింది నేను కాదు, మా జిల్లా కూడా వేరు. అయినా నేనూ ఇలాంటివి రాసి ఉంటాను.

నేను చదువుకున్నది చరిత్ర, ఒడియా మీడియంలో. అమ్మ తెలుగు కాబట్టి మాట్లాడగలను, చదవడం కూడబలుక్కోవాలి. పొద్దున బండి తీస్తే ఒక బడిలో లెక్కలు, ఇంకో బడిలో సైన్సు, మధ్యాహ్నం ఇంగ్లీషు. మా చేతిలో ఉండే ఫార్మాట్ అన్నింటికీ ఒకటే. లెసన్ ప్లాన్ ఉందా, బోధనోపకరణాలు వాడారా, పిల్లలు పాల్గొన్నారా, వెనక బెంచీని పట్టించుకున్నారా, బోర్డు వాడారా. ఇవన్నీ చూడవలసినవే, కాదనను. కానీ చెప్పిన విషయం సరైనదా అన్న చోట కూడా నేను టిక్కు పెట్టాలి. నాకు తెలియకపోయినా పెట్టాలి. "ఈ పాఠం నాకు అర్థం కాలేదు" అని రాసుకునే గడి ఆ కాగితంలో ఎక్కడా లేదు. ఖాళీ వదిలితే పై ఆఫీసు ఊరుకోదు, అడుగుతుంది. అందుకని కంటికి కనబడినదే రాస్తాం. చార్టు కనబడుతుంది. గొంతు వినబడుతుంది. మెడకీ మేడకీ తేడా కనబడదు.

ఇందులో నా తప్పు ఎంత, ఫార్మాట్ తప్పు ఎంత అని ఆలోచిస్తున్నాను. అడగడానికి మొహమాటం పడ్డాను చూడండి, అది మాత్రం నా తప్పే. టీచరు ముందు "నాకు ఇది రాదు, చెప్పండి" అంటే కుర్చీకి విలువ పోతుందనుకున్నాను.

మహేంద్రతనయ

సార్, మీరు ఇంత నిజం చెప్పినందుకు చేతులెత్తి దండం పెడుతున్నాను. ఆయన కూడా అలాగే మొహమాటపడి ఉంటారేమో. నేనూ పాఠం అయ్యాక రెండు నిమిషాలు నిలబడి "ఇదీ నేను చేసింది" అని ఒడియాలో చెప్పి ఉండాల్సింది. భయంతో చెప్పలేదు.

బరంపురం మేష్టారు (రిటైర్డ్ హెచ్‌ఎం)

అమ్మా మహేంద్రతనయా, బాబూ క్లస్టర్, ఇద్దరికీ ఆశీస్సులు. నాకు ముప్పై రెండేళ్ల సర్వీసు, అందులో పన్నెండేళ్లు హెచ్‌ఎంగా. నేను తెలుగు, సోషల్ మనిషిని. నా కింద సైన్సు మాస్టార్లు ఉండేవారు, లెక్కల మాస్టార్లు ఉండేవారు, వాళ్ల క్లాసులు చూసి రాయడం నా డ్యూటీ. కాబట్టి తెలియని పాఠానికి మార్కులు వేసిన పాపం నాకూ ఉంది.

ఒక సైన్సు మాస్టారు ఉండేవారు. మాట బంగారం. గ్లోబు, టార్చిలైటు తెచ్చి గది చీకటి చేసి పాఠం చెబితే పిల్లలు కళ్లార్పేవారు కాదు. ఋతువులు ఎలా వస్తాయి అన్న పాఠం అలాగే చెప్పారు, నేను ముగ్ధుణ్ణయిపోయి గొప్పగా రాశాను. రెండేళ్ల తర్వాత వేరే బడి నుంచి వచ్చిన లెక్కల టీచరు ఒకాయన పిల్లల నోట్‌బుక్కులు తిరగేసి నా గదికి తెచ్చారు. అందులో ఉన్నది ఏమిటంటే, భూమి సూర్యుడికి దగ్గరగా వెళ్లినప్పుడు ఎండాకాలం, దూరంగా వెళ్లినప్పుడు చలికాలం. శుద్ధ తప్పు. భూమి సూర్యుడికి అతి దగ్గరగా ఉండేది జనవరి మొదటి వారంలో, మనం దుప్పట్లు కప్పుకునే రోజుల్లో. ఋతువులు భూమి అక్షం 23½ డిగ్రీలు వాలి ఉండడం వల్ల వస్తాయి. రెండేళ్ల పిల్లలు ఆ తప్పుతో పై క్లాసుకి వెళ్లిపోయారు, వాళ్లని మళ్లీ పిలిచి చెప్పలేను కదా. ఇప్పటికీ జనవరి వస్తే నాకు అది గుర్తుకొస్తుంది.

ఆ తర్వాత పద్ధతి మార్చుకున్నాను. క్లాసుకి వెళ్లేముందు టీచర్ని పిలిచి ఒకే ఒక్క ప్రశ్న అడిగేవాణ్ణి, "ఈ పాఠంలో మన పిల్లలు ఎక్కడ తప్పు చేస్తారు?" అని. సబ్జెక్టు బాగా వచ్చినవాళ్లు ఒక్క క్షణం ఆలోచించరు. "మేష్టారూ, 34ని 10తో గుణిస్తే చివర సున్న పెట్టడం అలవాటై, 2.5ని 10తో గుణించమంటే 2.50 అని రాస్తారు" అని ఒకామె టక్కున చెప్పింది. నాకు లెక్కలు అంతంతమాత్రం, అయినా ఆ జవాబుతో నాకు రెండు సంగతులు తెలిశాయి. ఆమెకి పాఠం వచ్చు, పిల్లలూ తెలుసు. ఇక క్లాసులో ఏం చూడాలో కూడా తెలిసింది, 2.5 దగ్గర ఏం జరుగుతుందో చూస్తే చాలు. అదే ప్రశ్నకి "పిల్లలు శ్రద్ధ పెట్టరండీ" అని జవాబు వస్తే, అక్కడ ఆ సబ్జెక్టు తెలిసిన మరొకరిని పంపించాలని గుర్తు పెట్టుకునేవాణ్ణి.

గుణుపురం అమ్మ

నేను టీచర్ని కాదు, ఇద్దరు పిల్లల తల్లిని. పది వరకు తెలుగులో చదివాను. స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నా పేరు ఉంది. చట్టం ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం ఆడవాళ్లు ఉండాలి, బడి ఎలా నడుస్తుందో చూడటం మా పని అని చెప్పారు. కానీ ఎప్పుడు పిలిచినా బియ్యం, గుడ్లు, గోడలకి రంగులు, సంతకాలు. మా బాబు తెలుగు చదువుతున్నాడా లేదా అని ఇంతవరకు ఒక్క అధికారి నన్ను అడగలేదు. మీ సార్‌కి తెలుగు రాకపోతే నన్ను పక్కన కూర్చోబెట్టుకోవచ్చు కదా? పిల్లవాడి చేత నేను చదివిస్తాను, తప్పో ఒప్పో చెబుతాను. టీచరు గురించి మాత్రం తీర్పు చెప్పను, అంత చదువు నాకు లేదు.

ధర్మాబాద్ అన్న (నాందేడ్ జిల్లా)

అందరూ ఒక మాటే అంటున్నారు కాబట్టి నేను కొంచెం అడ్డం వస్తాను, కోపం తెచ్చుకోకండి.

సబ్జెక్టు తెలిసినవాళ్లు వస్తే అన్నీ సరిపోతాయి అనుకోవద్దు. మా దిక్కు ఒకసారి నిజంగానే తెలుగు తెలిసిన పెద్దాయన వచ్చారు, పండితుడు. నాలుగో తరగతి పిల్ల లేచి తన ఊరి మాటలో కథ చెబుతున్నది, బస్‌లో బాసరకు పోయిన కథ. ఎంత బాగా చెబుతున్నదో. ఆయన ప్రతి మాటకి ఆపి, "అట్ల కాదు, ఇట్ల అను" అని దిద్దారు. నా చేతిలో చాక్‌పీసు తీసుకుని మిగిలిన గంట ఆయనే పాఠం చెప్పారు. ఆ పిల్ల మళ్లీ రెండు నెలలు క్లాసులో నోరు తెరవలేదు. ఆయనకి సబ్జెక్టు వచ్చు, పిల్లలు తెలియరు. కాబట్టి తెలుగు రాని మనిషి కూడా చూడగలిగినవి చాలా ఉన్నాయి. పిల్లలు భయపడుతున్నారా, దెబ్బలు ఉన్నాయా, టీచరు ఐదుగురితోనే మాట్లాడి మిగతావాళ్లని వదిలేస్తున్నారా. వీటికి భాష అక్కర్లేదు, కండ్లు చాలు. వాటికి మార్కులు వేయమనండి, నేను ఒప్పుకుంటా. తెలియనిదానికి వేయొద్దు, అంతే.

డైట్‌లో ఒకప్పుడు

ధర్మాబాద్ గారి మాటతో ఏకీభవిస్తూనే ఒక సంగతి కలుపుతాను. బరంపురం మేష్టారి ప్రశ్న ఉంది చూశారా, అది మేము డైట్‌లో, అంటే జిల్లా టీచర్ ట్రైనింగ్ సంస్థలో, చెప్పే విషయమే. 1986లో లీ షుల్మన్ అనే అమెరికా విద్యావేత్త రాశారు, సబ్జెక్టు తెలియడం ఒకటి, బోధనా పద్ధతులు తెలియడం ఒకటి, ఈ రెండూ కలిసే చోట మూడోది ఒకటి ఉందని. ఫలానా పాఠాన్ని పిల్లలు ఎలా తప్పుగా అర్థం చేసుకుంటారు, ఏ ఉదాహరణతో దారికి వస్తారు అన్న జ్ఞానం. 2003లో స్టీన్, నెల్సన్ అనే ఇద్దరు ఇదే ఆలోచనని అధికారుల వైపు తిప్పారు. హెచ్‌ఎంలకీ పర్యవేక్షకులకీ అన్ని సబ్జెక్టులూ రానక్కర్లేదు గాని, కనీసం ఒకదాన్ని లోతుగా తెలుసుకుని, మిగతావాటిలో ఏం అడగాలో నేర్చుకోవాలని వాళ్ల వాదన.

ఇంకొకటి. గేట్స్ ఫౌండేషన్ 2009లో మొదలుపెట్టి అమెరికాలో దాదాపు 3,000 మంది టీచర్ల మీద చేయించిన అధ్యయనంలో, ఒక్కరే వచ్చి ఒక్కసారి చూసి వేసే మార్కులు నమ్మదగినవి కావని, ఒకరికన్నా ఎక్కువమంది వేర్వేరు పాఠాలు చూస్తే నమ్మకం పెరుగుతుందని తేలింది. అక్కడ చూసినవాళ్లకి శిక్షణ ఇచ్చి, పరీక్ష పెట్టి మరీ పంపారు. మన దగ్గర ఒక మనిషి, ఒక బండి, ముప్పావు గంట. అందులో భాష కూడా రాదు.

నాగావళి ఒడ్డు

అసలు మన ఊళ్లలోనే దీనికి పాత ఉదాహరణ ఉంది కదా మేష్టారూ, యేట్స్ దొర సంగతి మీరే ఒకసారి చెప్పారు. అది రాయండి.

బరంపురం మేష్టారు

అవును బాబూ, రాస్తాను. 1906–07 ప్రాంతం. విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం వైపు బళ్ల తనిఖీకి జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు దొర వచ్చాడు. తెలుగు ఆయనది కాదు. చిన్న తరగతుల్లో పండితులు తెలుగు చెబుతుంటే కూర్చుని విన్నాడు, బయట జనం మాట్లాడే తెలుగు విన్నాడు, రెండూ వేరుగా తోచాయి. ఆయన కూడా ఏదో ఒక రిమార్కు రాసి పోవచ్చు. పోకుండా, జనం మాట్లాడే భాషకీ పుస్తకంలో భాషకీ ఇంత తేడా ఎందుకు అని విశాఖలో మిసెస్ ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగాడు. అయ్యంగారు దీనికి జవాబు చెప్పగలవాళ్లు గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి అన్నారు. వ్యావహారిక భాష కోసం గిడుగు వారు చేసిన పోరాటానికి ఆ ప్రశ్న ఒక మొదలు. అప్పటికి గిడుగు వారు ఉన్నది ఎక్కడ? మన పర్లాకిమిడిలోనే. 1880లో అక్కడ రాజావారి బడిలో చేరినది చరిత్ర చెప్పే టీచరుగా. సవర గిరిజన పిల్లలకి చదువు చెప్పాలని ముందు తనే సవర భాష నేర్చుకున్నారు.

క్లస్టర్ బాబూ, నువ్వు చరిత్ర చదివానన్నావు, అందుకే ఈ మాట నీకు ప్రత్యేకంగా రాస్తున్నాను. నీకు తెలుగు చదవడం పూర్తిగా రాకపోవడం అడ్డం కాదు. అడుగు.

క్లస్టర్ బండి

మేష్టారూ, ఈ వారం నుంచే మొదలుపెడతాను. నోట్‌బుక్కులు అడిగి చూస్తాను. తెలుగు బడికి వెళ్లేటప్పుడు పక్క బడి తెలుగు టీచర్ని కూడా రమ్మని అడుగుతాను, ఒక పూట పర్మిషన్ ఇప్పించే పూచీ నాది. ఫార్మాట్ మార్చడం నా చేతిలో లేదు. కింద రిమార్కుల చోటు మాత్రం నాదే కదా, "విషయం పరిశీలించడానికి తెలుగు తెలిసినవారు కావాలి" అని అక్కడ రాస్తాను. పైవాళ్లు అడిగితే చెప్పుకుంటాను.

ప్రాణహిత

ఇది నలుగురైదుగురు క్లస్టర్ వాళ్లు రాసినా పై ఆఫీసు ఆలోచనలో పడుతుంది. రాజ్యాంగంలో 350ఏ ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకి వసతులు కల్పించాలని చెబుతుంది, 1956లో ఏడో సవరణతో చేర్చారు. టీచర్ని ఇచ్చి, పుస్తకం ఇచ్చి, ఆ పాఠం ఎలా సాగుతోందో తెలిసిన మనిషిని ఇవ్వకపోతే ఆ వసతి సగమే అని నేను అనుకుంటాను. మా వైపు వాళ్లతో కలిసి ఒక వినతిపత్రం రాస్తాను. మహేంద్రతనయ గారూ, మీరు మాత్రం ఆ రిమార్కుకి వివరణ రాసి ఇవ్వండి, ఊరుకోవద్దు. కోపంగా వద్దు. ఆ రోజు పిల్లలు రాసిన పేజీలు జిరాక్స్ తీసి జత చేయండి.

మహేంద్రతనయ

(పద్దెనిమిది రోజుల తర్వాత)

ఏం జరిగిందో చెప్పాలి కదా. వివరణ రాశాను, ఒక పేజీ, ఒడియాలోనే. పదిమంది పిల్లల నోట్‌బుక్ పేజీలు జత చేశాను, క్లాసుకి ముందు రాసినవి, తర్వాత రాసినవి. హెచ్‌ఎం గారు మొదట వద్దన్నారు, మేష్టారి పోస్టు చదివి వినిపిస్తే సంతకం పెట్టారు.

నిన్న ఆ రిమార్కు రాసినాయనే మళ్లీ వచ్చారు. స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని ఆ పేజీలు ముందు పెట్టుకుని, "గురుమా, ఈ రెండు మాటలూ నాకు ఒకలాగే ఉన్నాయి, తేడా చూపించండి" అన్నారు. నేను మా చిన్న పిల్లని ఒకర్తెని పిలిచాను. ఆ పిల్ల తన మెడ పట్టుకుని "మెడ" అంది, కిటికీలోంచి ఎదురింటి రెండంతస్తుల మేడ చూపించి "మేడ" అంది. ఆయన పలకబోయారు, మొదటిసారి రెండూ ఒకేలా వచ్చాయి. పిల్ల చెయ్యి చాపి పొడుగు చూపించింది, నేను క్లాసులో చూపించినట్టే. మూడోసారికి వచ్చింది. పిల్ల చప్పట్లు కొట్టింది.

పాత రిమార్కు కొట్టెయ్యడానికి కుదరదట, నిబంధన ఒప్పుకోదట. దాని కిందే తేదీ వేసి, ఉపాధ్యాయిని వివరణ, పిల్లల రాత చూశాను, పునరావృతం అవసరమైనదే అని రాశారు. నాకు అది చాలు. వచ్చే నెల పక్క బ్లాక్ తెలుగు టీచర్‌తో కలిసి వస్తానన్నారు.

ఇప్పుడు మీ అందరి సాయం కావాలి. ఇలా పొట్టి పొడుగుల్లో మాత్రమే తేడా ఉండి, బొమ్మ వేసి చూపించగలిగే జంటలు కావాలి. కార్డులు చేసి మా క్లస్టర్‌లో తెలుగు బళ్లన్నింటికీ ఇద్దామనుకుంటున్నాను. నా దగ్గర మెడ–మేడ, కొన–కోన, వెల–వేల ఉన్నాయి.

ధర్మాబాద్ అన్న

దొర–దోర రాసుకోండి అక్కా, దోర జామకాయ బొమ్మ పిల్లలకు వెంటనే గుర్తుంటది. ఇవి మా మరాఠీ మీడియం పిల్లలకు కూడా పనికొస్తాయి, మరాఠీలోనూ ఎ, ఒ ఒక్కొక్కటే. ఒక సెట్టు మాకూ పంపండి, కొరియర్ ఖర్చు నాది.

నాగావళి ఒడ్డు

మొర–మోర. ఆవు మోరెత్తి చూస్తున్న బొమ్మ నేను వేసి పంపుతాను.

గుణుపురం అమ్మ

నెల–నేల మర్చిపోకండి టీచరమ్మా. మా చిన్నోడు మొన్న "నాన్నకి నేల జీతం వచ్చింది" అని రాశాడు.